ఫ్లోటింగ్ పాయింట్ విలువ ఏ తరగతిదో తేల్చడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఒక శాతం 0కీ 100కీ మధ్య ఉందో లేదో చూడాలి. చాలామంది రాసే షరతు ఇలా ఉంటుంది: విలువ 0 కన్నా తక్కువైతే, లేదా 100 కన్నా ఎక్కువైతే, తిరస్కరించు. చదివితే లోపమేమీ కనబడదు. కానీ వచ్చిన విలువ నాన్ అయితే, అంటే సంఖ్యే కానిదైతే, ఆ రెండు పోలికలూ తప్పు (ఫాల్స్) అనే తేలతాయి. తిరస్కరణ జరగదు. నాన్ నేరుగా లోపలికి వెళ్తుంది, మొత్తాల్లో, సగటుల్లో కలుస్తుంది, చివరికి ఎక్కడో రిపోర్టులో బయటపడుతుంది. అప్పటికి అది ఎక్కడ పుట్టిందో వెతకడం పెద్ద టెన్షన్.

ఇలాంటివి ముందే పట్టుకోవాలంటే చేతిలో ఉన్న ఫ్లోటింగ్ పాయింట్ విలువ, అంటే కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచే రూపంలోని విలువ, ఏ తరగతికి చెందిందో ప్రోగ్రామ్‌కు తెలియాలి. దీనికి కావలసిన ఫంక్షన్లు దాదాపు ప్రతి భాషలోనూ ఉన్నాయి. అయితే చాలా పొరపాట్లు ఫంక్షన్ తెలియక జరగవు, అడగాల్సిన ప్రశ్న ఒకటైతే మరొకటి అడగడం వల్ల జరుగుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఆ ప్రశ్నకే ఇస్తున్నాను.

మొదటి అడుగు: ఐదు తరగతులు

ఇవాళ మనం వాడే భాషలన్నీ దాదాపుగా ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలకు ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణాన్నే పాటిస్తాయి. ఇది 1985లో వచ్చింది, 2008లో, 2019లో సవరించారు. దీని రూపకల్పనలో ముఖ్యుడు విలియం కాహాన్. ఆ కృషికి 1989లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఈ ప్రమాణం ప్రకారం ఏ విలువైనా ఈ ఐదింటిలో ఒకటి అవుతుంది:

- నార్మల్: మామూలు సంఖ్యలు. 1, 0.1, -250.75 లాంటివన్నీ.
- సబ్‌నార్మల్: సున్నాకు మరీ దగ్గరగా ఉండి, పూర్తి ఖచ్చితత్వం లేని సంఖ్యలు.
- జీరో: +0, -0 రెండూ.
- ఇన్ఫినిటీ: ధన, రుణ అనంతాలు.
- నాన్: 0/0, అనంతం నుంచి అనంతం తీసివేత, -1కి వర్గమూలం లాంటి అర్థం లేని లెక్కల ఫలితం.

2008 సవరణలో వచ్చిన వర్గీకరణ పది తరగతులది. నాన్ కాని నాలుగింటినీ ప్లస్, మైనస్ గుర్తును బట్టి రెండేసిగా విడదీస్తే ఎనిమిది, నాన్‌ను క్వైట్ (లెక్కల్లో మౌనంగా సాగేది), సిగ్నలింగ్ (లెక్కలో వాడగానే హెచ్చరిక లేపేది) అని విడదీస్తే ఇంకో రెండు. స్విఫ్ట్ భాష నేరుగా ఈ పదింటినీ ఇస్తుంది. రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లలో దీనికోసం ఎఫ్‌క్లాస్ అనే ఇన్‌స్ట్రక్షనే ఉంది, అది పది బిట్లలో సరిపోయిన ఒక్కదాన్ని వెలిగించి చూపుతుంది. రోజువారీ పనికి ఐదు తరగతులు, వాటితోపాటు గుర్తు తెలిస్తే సరిపోతుంది.

రెండో అడుగు: బిట్లలో తరగతి ఎక్కడుంది

లైబ్రరీ ఫంక్షన్ ఉన్నప్పుడు బిట్లతో పనేమిటి అనిపించవచ్చు. కానీ ఒక్కసారి ఇది చేత్తో చేసి చూస్తే తర్వాత వచ్చే విషయాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. అందుకే దీన్ని దాటేయొద్దని నా సలహా.

ఫ్లోటింగ్ పాయింట్ విలువలు దాచే రకాల్లో మామూలుగా వాడేవి రెండు: డబుల్, ఫ్లోట్. డబుల్‌లో 64 బిట్లు ఉంటాయి. పైన ఒకటి గుర్తుకు, తర్వాత 11 ఎక్స్‌పోనెంట్‌కు (2 మీది ఘాతం), మిగిలిన 52 ఫ్రాక్షన్‌కు (సంఖ్యలోని భిన్న భాగం). ఫ్లోట్‌లో 32 బిట్లు: 1, 8, 23. తరగతి నిర్ణయించేది ప్రధానంగా ఎక్స్‌పోనెంట్ బిట్లే:

```
బిట్లు      = విలువలోని 64 బిట్లు, గుర్తు లేని పూర్ణాంకంగా
ఎక్స్‌పోనెంట్ = (బిట్లు >> 52) & 2047
ఫ్రాక్షన్    = బిట్లు & (2⁵² - 1)

ఎక్స్‌పోనెంట్ 0,    ఫ్రాక్షన్ 0        →  జీరో
ఎక్స్‌పోనెంట్ 0,    ఫ్రాక్షన్ 0 కాదు    →  సబ్‌నార్మల్
ఎక్స్‌పోనెంట్ 2047, ఫ్రాక్షన్ 0        →  ఇన్ఫినిటీ
ఎక్స్‌పోనెంట్ 2047, ఫ్రాక్షన్ 0 కాదు    →  నాన్
మిగతావన్నీ                          →  నార్మల్
```

ఉదాహరణకు 1.0 తీసుకోండి. అసలు ఘాతానికి 1023 కలిపి దాస్తారు, కనుక దాని ఎక్స్‌పోనెంట్ 1023, ఫ్రాక్షన్ 0. 0.1 అంటే సుమారు 1.6 × 2⁻⁴, కాబట్టి ఎక్స్‌పోనెంట్ 1023 - 4 = 1019. రెండూ 0కీ 2047కీ మధ్యలో ఉన్నాయి, కనుక నార్మల్. 10⁻³¹⁰ మాత్రం డబుల్‌లో నార్మల్‌గా పట్టదు, ఎందుకంటే అతి చిన్న ధన నార్మల్ 2⁻¹⁰²², అంటే సుమారు 2.225 × 10⁻³⁰⁸. అందుకే దాని ఎక్స్‌పోనెంట్ బిట్లు 0, ఫ్రాక్షన్‌లో మాత్రం ఏదో ఉంటుంది. అది సబ్‌నార్మల్.

ఫ్లోట్‌కూ ఇదే పద్ధతి. 52 బదులు 23, 2047 బదులు 255 పెట్టండి.

బిట్లు బయటికి తీసే దారి భాషను బట్టి మారుతుంది. సీలో మెమ్‌కాపీతో 64 బిట్ల పూర్ణాంకంలోకి కాపీ చేయండి. పాయింటర్‌ను వేరే రకానికి మార్చి చదివే పాత అలవాటు మానండి, అలియాసింగ్ నియమాల (ఒకే మెమరీని వేరే రకంగా చదవడంపై ఉన్న నియమాల) ప్రకారం దానికి కంపైలర్ ఏ హామీ ఇవ్వదు. సీ++20 నుంచి దీనికే బిట్‌కాస్ట్ ఉంది. రస్ట్‌లో టు_బిట్స్, పైథాన్‌లో స్ట్రక్ట్ మాడ్యూల్. జావాలో రెండు ఫంక్షన్లున్నాయి, జాగ్రత్త: డబుల్‌టులాంగ్‌బిట్స్ ఏ నాన్ ఇచ్చినా ఒకే రూపానికి మార్చేస్తుంది, డబుల్‌టురాలాంగ్‌బిట్స్ ఉన్న బిట్లను ఉన్నట్టే ఇస్తుంది. నాన్ లోపలి బిట్లు చూడాలంటే రెండోదే వాడాలి.

మూడో అడుగు: భాష ఇచ్చే ఫంక్షన్లు

సీ భాషకు 1999 ప్రమాణంలో మ్యాథ్ హెడర్ ద్వారా ఆరు మాక్రోలు వచ్చాయి: ఎఫ్‌పీక్లాసిఫై, ఈజ్‌ఫైనైట్, ఈజ్‌ఇన్ఫ్, ఈజ్‌నాన్, ఈజ్‌నార్మల్, సైన్‌బిట్. సీ++11 కూడా వీటినే తీసుకుంది. వీటి విషయంలో మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది: ఈజ్‌ఇన్ఫ్, సైన్‌బిట్ లాంటివి అవును అయితే సున్నా కాని ఏదో ఒక పూర్ణాంకం ఇస్తాయి, అది 1 అనే హామీ సీలో లేదు. ఫలితాన్ని 1తో పోల్చకండి, నేరుగా షరతులో పెట్టండి.

రెండోది: ఎఫ్‌పీక్లాసిఫై ఇచ్చే ఐదు పేర్లకు అంకెలు ఏవో ప్రమాణం చెప్పదు. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో నాన్‌కు 0, మ్యాక్‌ఓఎస్‌లో 1. కాబట్టి ఆ అంకెలను ఫైల్లో దాచడం, నెట్‌వర్క్‌లో పంపడం చేయకూడదు. ఈ ఐదూ కాక ఇంకా తరగతులు కలిపే స్వేచ్ఛ కూడా ప్రమాణం ఇచ్చింది, అందుకే స్విచ్‌లో డిఫాల్ట్ శాఖ తప్పనిసరిగా ఉండాలి.

మూడోది: ఇవి మాక్రోలు కావడానికి కారణం ఉంది, ఇచ్చిన విలువ ఏ రకానిదో వీటికి తెలియాలి. పాత ఇంటెల్ ఎక్స్87 యూనిట్‌లో లెక్కలు 80 బిట్లలో జరుగుతాయి. డబుల్‌గా సబ్‌నార్మల్ కావలసిన విలువ అక్కడ నార్మల్‌గా ఉండవచ్చు. ఎఫ్‌పీక్లాసిఫై ముందు విలువను దాని అసలు రకానికి మార్చి, ఆ తర్వాతే తరగతి చెప్పాలన్నది నియమం.

రస్ట్‌లో క్లాసిఫై అనే మెథడ్ ఐదు శాఖల ఈనమ్ ఇస్తుంది. మ్యాచ్‌లో ఒక్క శాఖ మర్చిపోయినా ప్రోగ్రామ్ కంపైల్ కాదు. ఈ పనికి నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇది. జావాలో ఈజ్‌నాన్, ఈజ్‌ఇన్ఫినైట్, ఎనిమిదో వెర్షన్ నుంచి ఈజ్‌ఫైనైట్ ఉన్నాయి. సబ్‌నార్మల్ తెలియాలంటే సంఖ్య పరిమాణాన్ని మిన్_నార్మల్ స్థిరాంకంతో పోల్చాలి. గోలో ఈజ్‌నాన్, ఈజ్‌ఇన్ఫ్, సైన్‌బిట్ ఉన్నాయి, ఈజ్‌ఇన్ఫ్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా 0 ఇస్తే రెండు అనంతాలనూ చూస్తుంది.

జావాస్క్రిప్ట్‌లో రెండు ఈజ్‌నాన్‌లు ఉన్నాయి. గ్లోబల్‌గా ఉన్నది ఇచ్చినదాన్ని ముందు సంఖ్యగా మార్చి, తర్వాత చూస్తుంది, కనుక ఏదో ఒక మాట స్ట్రింగ్‌గా ఇచ్చినా అవును అంటుంది. నంబర్ కింద ఉన్నది మాత్రం నిజంగా నాన్ అయితేనే అవును అంటుంది. ఈజ్‌ఫైనైట్‌కూ ఇదే తేడా: గ్లోబల్‌ది నల్‌ను 0గా మార్చుకుని పరిమితమే అని చెబుతుంది. కొత్త కోడ్‌లో నంబర్ కింద ఉన్నవే వాడండి.

పైథాన్‌లో మ్యాథ్ మాడ్యూల్‌లో ఈజ్‌నాన్, ఈజ్‌ఇన్ఫ్, ఈజ్‌ఫైనైట్ దొరుకుతాయి. 1.0ని 0.0తో భాగిస్తే పైథాన్ అనంతం ఇవ్వకుండా ఎర్రర్ ఇస్తుంది. దీన్ని చూసి పైథాన్‌లో అనంతం రాదని అనుకోకండి: ఫ్లోటింగ్ పాయింట్‌గా రాసిన 10³⁰⁸ని 10తో గుణిస్తే అనంతం మౌనంగా వచ్చేస్తుంది.

ఏ ఫంక్షనూ లేని చోట నాన్‌ను పట్టే పాత పద్ధతి ఒకటుంది: `విలువ != విలువ`. తనతో తనకే సమానం కానిది నాన్ ఒక్కటే.

నాలుగో అడుగు: సరైన ప్రశ్న అడగడం

లెక్కకు పనికొచ్చే విలువేనా, అంటే నాన్ గానీ అనంతం గానీ కాదా అని తెలియాలంటే అడగాల్సింది ఈజ్‌ఫైనైట్. దీనికి బదులు చాలా కోడ్‌లలో వేరే రెండు కనిపిస్తాయి, రెండూ తప్పే.

ఒకటి, అనంతం కాదు అయితే సరే అనుకోవడం. నాన్ కూడా అనంతం కాదు. ఈజ్‌ఇన్ఫ్‌కు వ్యతిరేకం ఈజ్‌ఫైనైట్ కాదు.

రెండోది ఇంకా మోసపూరితమైనది: ఈజ్‌నార్మల్. పేరు చూస్తే మామూలుగా ఉందా అని అడుగుతున్నట్టు ఉంటుంది. కానీ సున్నా నార్మల్ కాదు. దీనితో ఇన్‌పుట్ వడపోస్తే నాన్, అనంతాలతో పాటు చక్కటి సున్నాలన్నీ బయటికి పోతాయి. టెస్టులో 5, 12.5 లాంటివే ఇచ్చి చూస్తే ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. పూర్తి ఖచ్చితత్వంతో, సున్నా కాని సంఖ్య కావాలన్నప్పుడే ఈజ్‌నార్మల్ వాడాలి. అలాంటి అవసరం అరుదు.

మొదట చెప్పిన శాతం తనిఖీకి ఫంక్షనే అక్కర్లేదు. షరతు తిరగేస్తే చాలు:

```
తప్పు:  విలువ < 0 లేదా విలువ > 100 అయితే, తిరస్కరించు
సరైనది: (విలువ >= 0 మరియు విలువ <= 100) కాకపోతే, తిరస్కరించు
```

నాన్‌తో చేసే పెద్ద, చిన్న, సమానం పోలికలన్నీ తప్పు అనే తేలతాయి. కనుక ఏది ఉంటే ఒప్పుకోవాలో రాసి, దాన్ని కాదంటే నాన్ కూడా బయటే ఆగుతుంది. పరిధి తనిఖీలన్నీ ఈ రూపంలోనే రాయడం అలవాటు చేసుకోండి.

తనిఖీ ఎక్కడ పెట్టాలన్నదీ అంతే ముఖ్యం. ప్రతి లెక్క తర్వాతా పెడితే కోడ్ చదవలేం. విలువ పుట్టే చోట, బయటి నుంచి వచ్చే చోట, బయటికి వెళ్లే చోట పెట్టండి. బయటి నుంచి వచ్చే టెక్స్ట్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం: పైథాన్ ఫ్లోట్ ఫంక్షన్, సీ స్ట్రటాడ్, జావా పార్స్‌డబుల్ మూడూ నాన్ అనే మాటను సంఖ్యగా స్వీకరిస్తాయి. పార్సింగ్ విజయవంతమైందంటే సంఖ్య వచ్చిందని అర్థం కాదు. బయటికి వెళ్లే చోట, ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పంపే జేసన్ ఫార్మాట్‌ను చూడండి: అందులో నాన్‌కూ అనంతానికీ చోటు లేదు. పైథాన్ జేసన్ మాడ్యూల్ ఆపమని చెప్పకపోతే నాన్‌ను అలాగే రాసేస్తుంది, అవతలి పార్సర్ దాన్ని తిరస్కరించవచ్చు. జావాస్క్రిప్ట్ దాన్ని నల్‌గా మారుస్తుంది.

సార్టింగ్‌కు ముందు కూడా ఒక తనిఖీ ఉండాలి. నాన్ ఉన్న వరుసకు సీ++ సార్ట్‌ను మామూలు పోలికతో పిలిస్తే ఏం జరుగుతుందో ప్రమాణం ఏ హామీ ఇవ్వదు. పైథాన్‌లో నాన్, 1 ఈ క్రమంలో ఇచ్చి మ్యాక్స్ అడిగితే నాన్ వస్తుంది, క్రమం మారిస్తే 1 వస్తుంది. రస్ట్‌లో టోటల్_సీఎంపీ, జావాలో డబుల్ క్లాస్ కంపేర్ ఫంక్షన్ నాన్‌కు కూడా ఒక స్థిరమైన స్థానం ఇస్తాయి.

ఐదో అడుగు: గుర్తు

-0, +0 సమానమే. పోలికతో వాటి తేడా తెలియదు. కానీ 1ని +0తో భాగిస్తే ధన అనంతం, -0తో భాగిస్తే రుణ అనంతం వస్తాయి. -0.3ను దగ్గరి పూర్ణాంకానికి రౌండ్ చేస్తే వచ్చేది కూడా -0 కావచ్చు, అందుకే తెరమీద అప్పుడప్పుడు వింతగా మైనస్ సున్నా కనిపిస్తుంది. తేడా కావాలంటే సైన్‌బిట్ అడగండి. పైథాన్‌లో కాపీసైన్‌తో 1కి ఆ గుర్తు ఇచ్చి చూడవచ్చు, జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్ కింద ఉన్న ఈజ్ సరిపోతుంది.

నాన్‌కు కూడా గుర్తు బిట్ ఉంటుంది, దానికి అర్థం మాత్రం వెతకకండి. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) ప్రాసెసర్ 0ని 0తో భాగిస్తే గుర్తు బిట్ వెలిగి ఉన్న నాన్ ఇస్తుంది, అందుకే సీ ప్రోగ్రామ్ దాన్ని మైనస్ నాన్ అని ముద్రిస్తుంది. అదే లెక్కకు ఆర్మ్ ప్రాసెసర్ గుర్తు లేని నాన్ ఇస్తుంది.

ఆరో అడుగు: సబ్‌నార్మల్ గురించి ఎప్పుడు పట్టించుకోవాలి

మామూలు వ్యాపార లెక్కల్లో దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. సిగ్నల్ ప్రాసెసింగ్, సిమ్యులేషన్, సంఖ్యా పద్ధతుల లైబ్రరీలు రాసేవాళ్లకు మాత్రం ఇది అసలైన విషయం.

సబ్‌నార్మల్ ఎందుకుందో చూడండి. రెండు వేర్వేరు సంఖ్యలను తీసివేస్తే సున్నా రాకూడదు. సబ్‌నార్మల్స్ ఉన్నంతకాలం ఈ హామీ ఉంటుంది. ఎక్స్86లో సబ్‌నార్మల్ ఫలితాలను సున్నా చేసే ఫ్లష్-టు-జీరో మోడ్ ఆన్ చేస్తే ఈ హామీ పోతుంది: రెండూ సమానం కాదని తనిఖీ చేసి, వాటి తేడాతో భాగించినా సున్నాతో భాగించినట్టే కావచ్చు.

ఆ మోడ్ ఎందుకు పెట్టుకుంటారంటే వేగం కోసం. కొన్ని ప్రాసెసర్లలో సబ్‌నార్మల్ లెక్కలు మామూలువాటికన్నా చాలా నెమ్మది. ధ్వని క్రమంగా తగ్గుతూ పోయే ఆడియో ఫిల్టర్లలో విలువలు సబ్‌నార్మల్ లోకి జారి, నిశ్శబ్దంలో సీపీయూ భారం పెరగడం ఆ రంగంలో బాగా తెలిసిన సమస్య.

భాగహారంలో కూడా ఒక చిక్కుంది. విలువ సున్నా కాదని చూసి 1ని దానితో భాగిస్తే అనంతం రాదని చాలామంది నమ్మకం. డబుల్‌లో అతి చిన్న ధన సంఖ్య 2⁻¹⁰⁷⁴, సుమారు 4.94 × 10⁻³²⁴. దాని విలోమం డబుల్‌లో పట్టే గరిష్ఠమైన 1.797 × 10³⁰⁸ని ఎప్పుడో దాటేస్తుంది. కాబట్టి భాగించే ముందు సున్నా తనిఖీ చేయడం కన్నా, భాగించాక ఈజ్‌ఫైనైట్ చూడటం నయం.

తరగతి సంఖ్యకే కాదు, రకానికి కూడా సంబంధించినది. 10⁻⁴⁰ డబుల్‌లో నార్మల్. ఫ్లోట్‌లోకి మారిస్తే సబ్‌నార్మల్, ఎందుకంటే అక్కడ నార్మల్ సుమారు 1.175 × 10⁻³⁸ దగ్గరే ఆగిపోతుంది. 10⁻⁵⁰ అయితే సున్నా అవుతుంది, 10⁴⁰ అనంతం అవుతుంది. డబుల్‌గా తనిఖీ చేసి, తర్వాత ఫ్లోట్‌గా మార్చి దాచే కోడ్‌లో తనిఖీ మార్పిడి తర్వాతే ఉండాలి.

స్థిరాంకాల పేర్లు కూడా నమ్మకండి. సీలో డబుల్‌కు మిన్ అంటే అతి చిన్న ధన నార్మల్. జావా, జావాస్క్రిప్ట్‌లలో మిన్_వాల్యూ అంటే అతి చిన్న సబ్‌నార్మల్. సీ షార్ప్‌లో మిన్‌వాల్యూ అంటే అతి పెద్ద పరిమాణం గల రుణ సంఖ్య, అక్కడ అతి చిన్న సబ్‌నార్మల్ పేరు ఎప్సిలాన్. ఒక భాష నుంచి మరో భాషకు కోడ్ మార్చేటప్పుడు ఈ పేరు కనబడిన ప్రతిచోటా ఆగి చూడాలి.

ఏడో అడుగు: కంపైలర్ ఆప్షన్లు, టెస్టులు

జీసీసీ, క్లాంగ్‌లలో ఫాస్ట్-మ్యాథ్ ఆప్షన్ పెడితే, నాన్‌లు, అనంతాలు అసలు రావని మీరే కంపైలర్‌కు మాట ఇచ్చినట్టు. అప్పుడు అది ఈజ్‌నాన్‌ను ఎప్పుడూ కాదు అని తీసుకుని ఆ తనిఖీని పూర్తిగా తీసేయవచ్చు. `విలువ != విలువ` గతీ అంతే. కోడ్ సరిగ్గా ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం నాన్‌ను పట్టుకోదు. ఇన్‌పుట్ తనిఖీ చేసే ఫైళ్లను ఈ ఆప్షన్ లేకుండా కంపైల్ చేయడమే నేను సిఫారసు చేసే పద్ధతి. జీసీసీ 13 కన్నా పాత వెర్షన్లలో ఇంకో ఇబ్బంది ఉంది: ఈ ఆప్షన్‌తో తయారైన షేర్డ్ లైబ్రరీని ఎక్స్86లో లోడ్ చేస్తే, దాన్ని లోడ్ చేసిన థ్రెడ్‌లో మీ సొంత కోడ్‌కు కూడా ఫ్లష్-టు-జీరో మోడ్ ఆన్ అయిపోతుంది.

టెస్టులకు సరిహద్దు విలువలే ప్రాణం. వాటిని చేత్తో టైప్ చేయనక్కర్లేదు, నెక్స్ట్‌ఆఫ్టర్ ఫంక్షన్ పక్క విలువను ఇస్తుంది:

```
+0, -0                                   →  జీరో
0 నుంచి 1 వైపు పక్క విలువ                     →  సబ్‌నార్మల్
అతి చిన్న నార్మల్ నుంచి 0 వైపు పక్క విలువ       →  సబ్‌నార్మల్
అతి చిన్న నార్మల్                             →  నార్మల్
గరిష్ఠ విలువ                                 →  నార్మల్
గరిష్ఠ విలువ నుంచి అనంతం వైపు పక్క విలువ       →  ఇన్ఫినిటీ
అనంతం - అనంతం                             →  నాన్
```

ప్రతి వరుసనూ రుణ గుర్తుతో కూడా నడపండి, ఫ్లోట్‌కు విడిగా మళ్లీ నడపండి. టెస్టులో విలువలను నేరుగా స్థిరాంకాలుగా రాస్తే కంపైలర్ లెక్కను ముందే చేసేస్తుంది, రన్‌టైమ్‌లో జరిగేది బయటపడదు. అందుకే వాటిని వోలటైల్ వేరియబుల్ ద్వారా గానీ ఫైలు నుంచి గానీ తీసుకోండి. చివరిగా, విడుదలకు వాడే కంపైలర్ ఆప్షన్లతోనే ఈ టెస్టులు నడపండి. డీబగ్ బిల్డ్‌లో అన్నీ పాసై, విడుదల బిల్డ్‌లో నాన్ వరుస ఒక్కటే ఫెయిలైతే ముందు ఫాస్ట్-మ్యాథ్ ఆప్షన్ కోసం వెతకండి. సబ్‌నార్మల్ వరుసలు జీరో అని వస్తే ఫ్లష్-టు-జీరో మోడ్‌ను ఎవరు ఆన్ చేశారో చూడండి.